అదను, పదును: కంటోన్మెంటు సీమలో వర్తమానం

తెలుగులో ‘వర్తమానం’ అనే మాటకు రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. జరుగుతున్న కాలం అనేది ఒకటి, కబురు అనేది రెండోది. పొరుగూరికి వర్తమానం పంపారని పెద్దలు చెప్పుకునేటప్పుడు ఆ మాటకు కాలంతో పనిలేదు. అయినా ఈ రెండర్థాలు ఒకే పదంలో ఇమిడి ఉండటం ఆలోచించదగిన విషయం. ఎందుకంటే జరుగుతున్న క్షణం మనిషికి ఏదో ఒక కబురు తెస్తూనే ఉంటుంది, రేపటి దిగులులో మునిగిన మనసు గుమ్మంలోకి వచ్చిన ఆ కబురును అందుకోలేకపోతుంది. ఆ దిగులుకు తెలుగువారు పెట్టుకున్న పేరు చింత. సంస్కృతంలో చింత అంటే ఆలోచన, తలపోత అనే విశాలమైన అర్థాలున్నాయి. తెలుగు నోట ఆ పదం ప్రధానంగా బెంగ అనే అర్థంలోనే నిలిచింది. రేపటికోసం ఈరోజు చేసే ఏర్పాటుకు తెలుగులో వేరే మాట ఉంది, అది ముందుచూపు. చింతకూ ముందుచూపుకూ గల భేదం తేలితే, వర్తమానంలో జీవించడం అనే మాటకు అర్థం కూడా చాలావరకు తేలిపోతుంది.

వ్యాకరణం కూడా ఇక్కడ కొంత సాయం చేస్తుంది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో క్రియకు భూత, భవిష్యత్, వర్తమానాలతోపాటు తద్ధర్మం అనే నాలుగో అర్థాన్ని కూడా చెప్పాడు. తద్ధర్మం అంటే ఫలానా కాలానికి కట్టుబడకుండా, కర్త స్వభావాన్నీ అలవాటునూ తెలిపేది. నేటి వాడుకలో ‘ఆయన పొలానికి వెళ్తాడు’ అనే వాక్యం రోజూ వెళ్లే అలవాటునూ చెబుతుంది, రేపు వెళ్లబోవడాన్నీ చెబుతుంది. ఏ అర్థమో సందర్భాన్నిబట్టి తెలుసుకోవాలి. రేపు చేయబోయే పనికీ, నిత్యం చేస్తున్న పనికీ ఒకే రూపం చాలునని ఈ భాష అనుకుంది. రేపు అనేది నేటి అలవాటుకు కొనసాగింపే అన్న ఊహ ఇందులో చదువుకోవచ్చు. దీన్ని వ్యాకరణ సిద్ధాంతంగా నిలబెట్టడం సాధ్యం కాకపోయినా, మాతృభాషగా తెలుగు మాట్లాడేవారికి ఈ ఊహ కొత్తగా తోచదు.

ఈ విషయాన్ని ఆలోచించడానికి బళ్లారి కంటోన్మెంటు తగిన చోటు. కంటోన్మెంటు అంటే సైన్యం విడిది చేయడానికి ఊరికి ఒక పక్కగా ఏర్పరచిన ప్రదేశం. 1800లో నిజాం బళ్లారి సహా దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తరువాత, థామస్ మన్రో 1807 వరకు వాటికి ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు; బళ్లారి కోటగుట్ట నీడలో సైనిక స్థావరం పెరిగింది, ఆ స్థావరాన్ని ఆశ్రయించిన జనంతో బజార్లు వెలిశాయి. వాటిలో ఒకటైన కౌల్‌బజార్ పేరులో కౌలు అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది; కౌలు అంటే రాబోయే కాలానికి మాట ఇచ్చి రాసుకునే ఒడంబడిక. విడిదిలో ఉన్న సిపాయి ఏ రోజు ఎక్కడికి కదలవలసి వస్తుందో తెలియకుండా రోజులు గడిపాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తురుష్క యుద్ధఖైదీలను బళ్లారిలో ఉంచారు. వారికి యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో మద్రాసు రాజధానిలోని అనేక జిల్లాల సత్యాగ్రహులు బళ్లారి చెంతనే ఉన్న అల్లీపురం జైలులో శిక్ష అనుభవించారు. నేడు కంటోన్మెంటు పేరుతో రైల్వేస్టేషను ఉంది. 1961లో ప్రభుత్వ వైద్య కళాశాలగా మొదలై, తరువాత విజయనగర వైద్య విజ్ఞాన సంస్థగా పేరు పొందిన పెద్ద ఆస్పత్రి ఉంది. సిపాయి నుంచి రోగి బంధువు వరకు, రెండు వందల ఏళ్లకు పైగా ఎదురుచూపు ఈ నేల మీద కాపురం చేస్తూ వచ్చింది.

ఎదురుచూపు ఎక్కడుంటే చింత అక్కడికి చేరుతుంది. ఈ సీమలో దానికి బలమైన కారణం కూడా ఉంది. బళ్లారి మెట్ట ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 500 మిల్లీమీటర్లు. ఆ సగటు కూడా ఒక ఏడు మించి, రెండేళ్లు తగ్గి, ఏ ఏటికాయేడు కొత్త లెక్క చెబుతుంది. ఎర్రనేలల్లో తొలివానలకు వేసే పంటను ముంగారు అనీ, నల్లరేగడిలో వెనుకటి వానలకు వేసే పంటను హింగారు అనీ తెలుగు, కన్నడ రైతులు ఇద్దరూ అంటారు. ఈ సేద్యం రెండు మాటల మీద నడుస్తుంది. ఒకటి అదను, అంటే పనికి తగిన సమయం. రెండోది పదును, అంటే వాన కురిసిన తరువాత విత్తనం మొలకెత్తడానికి చాలినంత తడి నేలలో నిలిచి, పైన మాత్రం గొర్రుకు బురద అంటుకోనంతగా ఆరిన స్థితి. కన్నడంలో దీన్నే ‘హద’ అంటారు. రెండు మాటలకూ మూలం ఒకటే. పదును వచ్చిందో లేదో తెలుసుకోవడానికి రైతు చేనిలో మట్టిని గుప్పెట్లోకి తీసుకుని ఉండకట్టి చూస్తాడు. ఉండ చేతికి అంటుకుంటే ఇంకా ఆగాలి, కట్టకముందే పొడిగా రాలితే తడి పోయినట్టే. ఎర్రనేలలో ఆ తడి త్వరగా ఆరిపోతుంది, నల్లరేగడి మరికొన్నాళ్లు పట్టి ఉంచుతుంది. ఏ నేలలోనైనా అది లెక్కపెట్టగలిగిన కొన్ని రోజుల సంగతే.

ఉగాదినాడు గుడి ముందు పంచాంగ శ్రవణం జరుగుతుంది. ఆ ఏడాది ఎన్ని వానలో, ఏ పంటకు లాభమో, ఏ రాశికి ఆదాయవ్యయాలూ రాజపూజ్య అవమానాలూ ఎన్నెన్నో చదువుతారు. రైతు కూడా కూర్చుని శ్రద్ధగా వింటాడు. రాబోయే కాలాన్ని తెలుసుకోవాలనే కోరిక మనిషికి సహజమే, దాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే అదే రైతు విత్తే రోజును నిర్ణయించేటప్పుడు కార్తె పేరును మనసులో ఉంచుకుంటూనే, చివరి మాటను మాత్రం గుప్పెట్లోని మట్టికి వదిలేస్తాడు. మృగశిర కార్తె వచ్చినంత మాత్రాన పొడినేలలో గొర్రు దిగదు. కార్తె దాటిందన్న దిగులుతో వచ్చిన పదునును ఎవరూ వదులుకోరు. తరువాతి వాన వస్తుందో రాదో అన్న ప్రశ్నకు విత్తే రోజున జవాబు ఉండదు. జవాబు వచ్చేదాకా ఆగినవాడికి పంట ఉండదు. వర్తమానంలో జీవించడం అనే మాటకు ఈ సీమ పల్లెలు ఏ గ్రంథమూ చదవకుండా ఇచ్చిన నిర్వచనం పదును చూసి విత్తడమే అని చెప్పడం అతిశయోక్తి కాదు. ఇందులో రేపటిని మరిచిపోవడం లేదు, ఎందుకంటే విత్తనమే రేపటికోసం వేసేది. రేపటి భయం చేతిని ఆపకపోవడం మాత్రమే ఉంది.

చింతకూ ముందుచూపుకూ భేదం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ముందుచూపు ఎప్పుడూ ఈరోజు చేయదగిన ఒక పని దగ్గర ఆగుతుంది: విత్తనాలను ఆరబెట్టుకోవడం, గొర్రును బాగుచేయించుకోవడం, పాతరలో గింజ దాచుకోవడం. చింతకు అలాంటి గమ్యం లేదు. అది ఒక ఊహలో మొదలై మరో ఊహలోకి నడిచి, తిరిగి మొదటి ఊహ దగ్గరకే వస్తుంది. దేశాల విషయంలోనూ ఇదే కొలమానం పనికివస్తుంది. 1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని పీడించిన మహాక్షామంలో బళ్లారి అత్యంత తీవ్రంగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. ఆ విపత్తు తరువాత ఏర్పడిన క్షామ సంఘం 1880లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా క్షామ నియమావళులు వచ్చాయి, అంటే కరవు కనిపించిన నాడు ఏ అధికారి ఏ పని చేయాలో ముందే రాసిపెట్టిన నిబంధనలు. తుంగభద్ర నీటిని ఈ మెట్ట సీమకు మళ్లించాలనే ఊహ 1860లో ఆర్థర్ కాటన్ కాలంలోనే పుట్టింది. శంకుస్థాపన జరిగింది 1945లో, కాలువలకు నీరు వదిలింది 1953లో. మధ్యలో గడిచిన దశాబ్దాల్లో ఎన్ని కుటుంబాలు వలసపోయాయో తలచుకుంటే, చింత ఎంత ఉన్నా, అది పనిగా మారని కాలమంతా ప్రజలకు నష్టమేనని తేలుతుంది. వర్తమానం గురించి మాట్లాడేవారు ఏర్పాట్లను చులకన చేస్తే అది బాధ్యత లేని మాట అవుతుంది.

బళ్లారికి మరో గొప్ప సంపద ఉంది, అది రంగస్థలం. ఆంధ్ర నాటక పితామహుడిగా పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఇక్కడే సరసవినోదినీ సభను నడిపాడు. ఆయనకు సమకాలికుడైన కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమా సభకు నాటకాలు రాశాడు. ధర్మవరంవారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో జన్మించి, బళ్లారిలో న్యాయవాదిగా స్థిరపడి, బళ్లారి రాఘవగా తెలుగునాడంతటా ప్రసిద్ధుడయ్యాడు. తెలుగులోనే కాక కన్నడం, హిందీ, ఇంగ్లీషు భాషల్లోనూ నటించాడు. ఆనాటి రంగస్థలం మీద పద్యాన్ని రాగాలాపనతో సాగదీయడం, ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని కేకవేస్తే నాటక గమనాన్ని ఆపి అదే పద్యాన్ని మళ్లీ పాడటం మామూలు విషయాలు. చనిపోయిన పాత్ర సైతం ప్రేక్షకుల కోరికమీద లేచి పాడిన సందర్భాల గురించి రంగస్థల చరిత్రలో చెప్పుకుంటారు. రాఘవ ఆ పద్ధతిని వ్యతిరేకించి, పాత్ర ఆ క్షణంలో అనుభవిస్తున్న భావానికే నటనలో ప్రాధాన్యం ఇచ్చాడు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని కోరినవారిలో ఆయన ముందు నిలిచాడు.

కోలాచలంవారి రామరాజ చరిత్రలో పఠాన్ రుస్తుం పాత్ర రాఘవకు గొప్ప పేరు తెచ్చింది. ఆ నాటకానికి వస్తువు విజయనగర పతనం. 1565 నాటి యుద్ధంలో ఏం జరిగిందో బళ్లారి ప్రేక్షకులకు ఒకరు చెప్పనక్కరలేదు. శిథిలమైన హంపి అక్కడికి 60 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. నాటకం ఎలా ముగుస్తుందో నటుడికి తెలుసు, చూసేవారికీ తెలుసు. ముగింపు తెలిసిన నటుడు రెండో అంకంలోనే ఐదో అంకపు దుఃఖాన్ని ముఖాన పులుముకుంటే ఆ నాటకం అక్కడితో చచ్చిపోతుంది. ఎదుటి పాత్ర పలికే మాటను మొదటిసారి వింటున్నట్టు వినాలి, తన మాటను ఆ వినికిడి నుంచి పుట్టించాలి. నటుడి ఈ శ్రద్ధను చూస్తే వర్తమానంలో జీవించడం గురించి ఒక సంగతి బోధపడుతుంది: భవిష్యత్తు తెలియకపోవడం వల్లనే చింత పుడుతుందని చాలామంది అనుకుంటారు, తెలిసినా అది పుడుతుంది. మనిషికి మరణం తథ్యమని తెలుసు. దాన్ని ఎరిగి ఉండి కూడా, ఇవాళ ఎదురుగా కూర్చున్న మనిషి మాటను పూర్తిగా వినగలగడమే ఇక్కడ సాధించవలసిన విద్య. ఈ విద్యను పాఠ్యపుస్తకాల కన్నా నాటకశాల బాగా నేర్పుతుందని నమ్మడానికి రాఘవ జీవితం ఆధారం.

దత్తమండలాల నేల నుంచే ఈ విషయాన్ని ప్రపంచానికి చెప్పిన తత్త్వవేత్త కూడా వచ్చాడు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో జన్మించాడు. తనకోసం ఏర్పరచిన నక్షత్ర సంఘాన్ని 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో తానే రద్దుచేసి, తరువాత 1986లో మరణించేవరకు దేశదేశాల్లో ప్రసంగించాడు. ఆయన కాలాన్ని రెండుగా చూపాడు. గడియారం కొలిచే కాలం ఒకటి. రైలు అందుకోవడానికీ, పైరు పండటానికీ, భాష నేర్వడానికీ అది కావాలి. రెండోది మానసిక కాలం, అంటే ‘నిన్న ఇలా ఉన్నాను, రేపు అలా అవుతాను, ఒకవేళ కాకపోతే’ అని మనసు తనలో తాను అల్లుకునే కాలం. భయం ఈ రెండో కాలంలోనే ఉంటుందనీ, ఆలోచన దాన్ని పోషిస్తుందనీ ఆయన వివరించాడు. భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో ఆయన 1980లో సాగించిన సంభాషణల్లోనూ ఇదే ప్రధాన చర్చ. కృష్ణమూర్తిని విన్నవారిలో కొందరు గడియారపు కాలాన్ని కూడా నిరాకరించాలేమోనని పొరబడ్డారు. ఆయన మాటల్లో దానికి తావు లేదు.

ఆంధ్రదేశానికి ఈ ఆలోచన కొత్తది కాదు. కృష్ణాతీరంలోని అమరావతి, నాగార్జునకొండ బౌద్ధానికి ప్రముఖ కేంద్రాలుగా వెలిగాయి. బౌద్ధ సాధనలో ‘స్మృతి’ అనే పదానికి, పాళీలో ‘సతి’ అనే పదానికి, గుర్తుపెట్టుకోవడం అనే అర్థంతోపాటు జరుగుతున్నదాన్ని ఎరుకతో గమనించడం అనే అర్థం ఉంది. ఊపిరి లోపలికి వెళుతున్నప్పుడు వెళుతున్నదని తెలుసుకోవడం దాని మొదటి పాఠం. ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో 19వ ప్రకరణాన్ని కాల పరీక్షకు కేటాయించి, భూతాన్ని ఆశ్రయించకుండా వర్తమానానికీ భవిష్యత్తుకూ ఉనికి చెప్పలేమనీ, ఏ కాలమూ తనంత తానుగా నిలబడదనీ వాదించాడు. వర్తమానం అంటే నాలుగు గోడల గది, అందులో దూరి తలుపు వేసుకోవాలి అనుకునేవారికి ఈ వాదం మంచి హెచ్చరిక.

ఆధునిక మనస్తత్వశాస్త్రం ఇదే విషయాన్ని కొలతల్లో చెప్పడానికి ప్రయత్నిస్తోంది. మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో 2,250 మంది వయోజనులను రోజులో ఏదో ఒక వేళ ఫోను ద్వారా పలకరించి, ఏం చేస్తున్నారో, మనసు ఎక్కడ ఉందో అడిగారు. సుమారు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేని వేళల్లో వారి సంతోషం కూడా తక్కువగా నమోదైంది. 2020లో ప్రచురితమైన మరో చిన్న అధ్యయనంలో, తీవ్రమైన ఆందోళనతో బాధపడేవారు రాసిపెట్టుకున్న దిగుళ్లలో 91 శాతం నిజం కాలేదని తేలింది. ఈ సంఖ్యను జాగ్రత్తగా వాడాలి. వాన రాదేమో అని దిగులుపడే బళ్లారి మెట్ట రైతు భయం చాలా ఏళ్లు నిజమవుతూనే వచ్చింది. అతడి ముందు ఈ శాతాన్ని చదవడం న్యాయం కాదు. అతడికి పనికివచ్చేది థామస్ బోర్కొవెక్ 1980ల తొలినాళ్లలో సహచరులతో కలిసి పరీక్షించిన పద్ధతి: దిగులు కోసం రోజులో ఒక చోటు, ఒక అరగంట కేటాయించుకోవాలి, మిగతా వేళల్లో దిగులు తలెత్తితే దాన్ని ఆ అరగంటకు వాయిదా వేసి చేతిలోని పనికి తిరిగిరావాలి, అరగంటలో దిగులుపడుతూనే, పరిష్కరించదగినదేదైనా ఉంటే ఆలోచించాలి. చింతను అణచమని ఈ పద్ధతి చెప్పదు, దానికొక హద్దు గీస్తుంది. పెరటిలో పశువును కట్టేసినట్టు దిగులును ఒక వేళకు కట్టేయడం పల్లెవారికి అర్థం కాని విద్యేమీ కాదు.

ఈ సరిహద్దు జిల్లాలో తెలుగువారికి మరో ప్రత్యేకమైన చింత ఉంది, అది భాష గురించిన చింత. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు అందులో చేరాయి. బళ్లారి సహా మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. అంతకుముందు సరిహద్దు నిర్ణయానికి సంబంధించిన వాంఛూ నివేదిక, మిశ్రా సంఘం విచారణ, సభలు, వినతిపత్రాలు ప్రజల మనసుల్ని కలచివేశాయి. ఇరుభాషల వారిలోనూ రేపు ఏమవుతుందో అన్న బెంగ ఉండేది. ఏడు దశాబ్దాలు గడిచాయి. కంటోన్మెంటులోనూ కౌల్‌బజారులోనూ ఒకే వీధిలో తెలుగు, కన్నడం, ఉర్దూ వినిపిస్తున్నాయి. రాఘవ పేరుతో కళామందిరం నిలిచి ఉంది. మనుమల కాలానికి తెలుగు ఉంటుందా అని దిగులుపడే ఇంట్లో ఈ రాత్రి పిల్లవాడికి తెలుగులో ఒక కథ చెబితే ఆ ప్రశ్నకు ఇవ్వగలిగిన జవాబు ఇచ్చినట్టే. కథ చెప్పకుండా సాగే చింత ఎంత నిజాయతీ గలదైనా భాషకు మేలు చేయదు.

తిరిగి ఆస్పత్రి ఆవరణకు వస్తే, అక్కడ రోగి పక్కన కూర్చున్న బంధువు స్థితి అన్నిటికన్నా కఠినమైనది. అనంతపురం, కర్నూలు జిల్లాల సరిహద్దు పల్లెల నుంచి కూడా రోగులు ఇక్కడికి వస్తారు. పరీక్ష ఫలితం రేపు తెలుస్తుంది. డబ్బు ఎంత కావాలో ఎల్లుండి తెలుస్తుంది. ఈలోగా చేయగలిగింది రోగికి నీళ్లు తాగించడం, దుప్పటి సర్దడం, చేయి పట్టుకుని ఉండటం. ఆ పనులు చిన్నవిగా కనిపిస్తాయి. మంచం మీద ఉన్నవారికి ఆ రాత్రి అందే ఆదరణ మాత్రం అవే. అలాంటి మనిషితో ‘వర్తమానంలో ఉండండి’ అని ఉపదేశించడం కన్నా, కాసేపు పక్కన కూర్చుని, ఆయన భోజనం చేసి వచ్చేదాకా రోగిని కనిపెట్టుకుని ఉండటం మేలు.

చింత కొందరిలో హద్దు దాటుతుంది. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, గుండెదడ, పనిమీద మనసు నిలవకపోవడం, బతకడం మీద విరక్తి వంటివి కనిపిస్తే అది మనోబలం లేకపోవడం కాదు, చికిత్స ఉన్న జబ్బు; ధ్యానమూ ఉపదేశమూ వైద్యుడి స్థానాన్ని భర్తీ చేయలేవు. ముఖ్యంగా అప్పుల ఒత్తిడిలో ఉన్న రైతు కుటుంబాలు ఈ సంగతిని సిగ్గుపడి దాచుకోకూడదు, ఇరుగుపొరుగు వారు చూసీ చూడనట్టు ఊరుకోకూడదు. ఇందుకోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవను ప్రారంభించింది. శిక్షణ పొందినవారు రాత్రింబవళ్లు అందుబాటులో ఉండి తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు. ఆ సంఖ్యను ఇప్పుడే రాసిపెట్టుకుని, అవసరమైన ఇంటికి చేర్చవలసిందిగా ప్రార్థన: 14416.